కణుపు లోతు

చిక్కుడుపాదు ఎండి గలగలమంటా ఉంది.
కాసి కాసి అలిసిపోయినా
పందిరి కర్రల్ని పట్టుకున్న పట్టు మాత్రం వదల్లేదు.
కొడవలితో ఒక్కో తీగా కోసి దించుతుంటే
ముదురు కాయలు పగిలి
గింజలు నా జుట్టులో, జాకెట్లో రాలినై.
ఏరి బూడిదలో కలిపి హార్లిక్స్ సీసాలో పోశాను.
ఉగాదికి ఇంకా తొమ్మిది రోజులు.

మా పెరడు, పెరడని అనకూడదు గాని,
ఇంటికీ ప్రహరీకీ మధ్య నాలుగు మంచాలు పట్టే చోటు.
ఆకులన్నీ తెల్లగా ఉంటై.
చీమకుర్తిలో మంచేం కురవదు,
అది క్వారీ దుమ్ము.
పాత చీర పేలికతో తుడిస్తే గాని
వంగమొక్క ఊదాగా పూసిందని తెలియదు.
దాన్ని మోకాలెత్తుకి నరికాను.
"చంపేశావే" అన్నాడు మాల్యాద్రి.
చూస్తా ఉండు అన్నాను.

ఆయనకి ఈ మన్ను మీద నమ్మకం లేదు.
ట్రాక్టరులో ఆరు బండలు తెచ్చాడు,
నల్లవి, లోపల చుక్కలు మెరిసేవి,
మూలలు విరిగినయ్యని ఓనరు వదిలేసినవి.
"పరిచేస్తే సరి, బురదుండదు,
చాపేసుకుని పడుకోవచ్చు."
రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.
మూడోరోజు నేనే గునపంతో జరిపి జరిపి
వాటిని నిలువునా పాతి గట్టు చేశాను.
ఓడలెక్కి దేశాలు పోయే రాయి
మా తోటకూర మడికి కాపలా.

మన్ను బిగుసుకుని ఉంది, అలిగిన మనిషిలాగా.
తవ్వి, రెండు ఎండలకి ఆరనిచ్చి,
గంపెడు గొర్రెల పెంట, పొయ్యి బూడిద కలిపాను.
కుళాయి రోజు మార్చి రోజు.
బియ్యం కడిగిన నీళ్లు, అంట్ల నీళ్లు,
ఆయన కాళ్లు కడుక్కున్న నీళ్లు.
మా చెట్లన్నీ ఎంగిలి తాగే బతకాలి.

గోడవతల గదిలో ఒరిస్సా పిల్ల, కుంతల.
మొగుడూ తనూ పాలిషింగు మిల్లులో చేస్తారు.
ఒకరోజు గోడ మీదుగా తీగముక్క చాపి
"పోయి" అంది.
ఎక్కడికి పోయి? అన్నాను.
"పోయి, పోయి" అని ఆకు తుంచి నమిలి చూపించింది.
ఓసినీ, బచ్చలి!
గోడకి చెరోపక్కా పొట్టలు పట్టుకుని నవ్వాం.
ఆ ముక్క ఎన్ని ఊళ్లు పోయి వచ్చిందో గాని
నాలుగోనాటికి తలెత్తింది.

ఆదివారం షిఫ్టు లేదు.
రాత్రి నానబెట్టిన బెండగింజల గిన్నె
ఆయన చేతిలో పెట్టాను.
జానెడు గుంట తవ్వాడు.
"అంత లోతైతే అది పైకి రాలేదయ్యా."
"మరెంత?"
"కణుపు. వేలి కణుపంత."
ఇరవై రెండేళ్లుగా కంప్రెషరు పట్టుకుని
రాతిలో ఇరవై అడుగుల బొక్కలేసే మనిషి
చూపుడువేలు తిప్పి తిప్పి చూసుకున్నాడు.
"అక్కడ బొక్కేసి, మందు కూరి, పరిగెత్తుతాం.
ఇక్కడా?"
"ఇక్కడ కూర్చోవాలి."

మర్నాటి నించి డ్యూటీ దిగి రాగానే
చెప్పులిప్పకుండా వంగి చూడటం.
ఏమీ లేదు.
ఏమీ లేదు.
"నీ గింజలు పుచ్చులే" అనడం.

మూడోరోజు మధ్యాహ్నం సైరన్ మోగింది.
అరలో గిన్నెలు వణికే లోపల,
ఎందుకో నాకే తెలియదు,
పెరట్లోకి పోయి మడి మీద రెండు చేతులూ పెట్టాను
చంటిబిడ్డ చెవులు మూసినట్టు.
అరచేతుల కింద మన్ను
ఒక్కసారి జలదరించి ఊరుకుంది.

పన్నెండు పెడితే బెండ ఏడు మొలిచినై.
గోరుచిక్కుడు చీమల పాలు, మళ్లీ పెట్టాలి.
వంగ మోడుకి మూడుచోట్ల చిగురు.
ఆయన చూశాడు, ఏమీ అనలా.
లుంగీ అంచు తడిపి
ఆ చిగురు మీద దుమ్ము తుడుస్తున్నాడు,
గట్టిగా రుద్దకయ్యా అంటే
వింటేనా.