సగం గోలి

గట్టుప్పలల మా మగ్గం గుంత
రెండేండ్లు పిల్లి ఈనెతందుకే పనికొచ్చింది.
ఆయన కుడిచెయ్యి వణికితే
ఎడమచేత్తోని అదిమిపట్టి కూసునేటోడు,
పారిపోయే కోడిని పట్టినట్టు.
కాలు ముందల పడేది కాదు.
"అండాలూ, మనసు నడుస్తనే ఉంది,
కాలికి కబురు అందుతలేదు" అనేటోడు.

నల్లగొండ డాక్టరమ్మ
చీటీ వెనక మెదడు బొమ్మ గీసింది.
నడుమ పెన్నుతోని ఒక నల్లసుక్క.
"ఈడ ఒక రసం ఊరాలె. ఎండిపోతంది."
చెరువెండితే తూమెత్తి ఏం లాభం,
నేనట్ల సమజు జేసుకున్న.
డోపమిన్ అని పేరు చెప్పింది.
నా నోట్లె అది డోపమ్మ అయింది,
మా ఆడిబిడ్డ పేరు లెక్క.

దినాం మూడు గోలీలు.
పదిహేనో నాడు ఆసు ముందల కూసున్నడు.
మొల నుంచి మొలకు, మొల నుంచి మొలకు
చెయ్యి తిరుగుతనే ఉంది.
వాడకట్టంత చూడనొచ్చింది.
నేను పిల్లిని పిల్లలతోని సహా గంపల పెట్టి
కొట్టంల దింపొచ్చిన.

ఆ తర్వాత మొదలైంది.

చండూరు అంగట్ల లక్కీ డ్రా.
గులాబి రిబ్బను కట్టిన స్కూటరు,
పది రూపాలకు మడతపెట్టిన చీటీ.
మొదలు ఒకటి. మళ్లవారం పది.
ఆ పై వారం రంగులకు దాసిన పైసలు.
ఒక్కసారి స్టీలు బకెటు తగిలింది.
తెచ్చి మూలకు పెట్టిండు,
మళ్ల దాని దిక్కు చూడలే.
ఒకనాడు ఎంబడి పోయి చూసిన:
చీటీ రెండు గోళ్ల నడుమ ఉన్నంతసేపే
ఆ మొఖం పెండ్లినాటి మొఖం.
విప్పినంక, గెల్వనీ ఓడనీ,
కరెంటు పోయిన ఇల్లు.

రాత్రి నిద్ర లేదు. గోడ నిండ బొగ్గుతోని డిజైన్లు.
చేపతోకకు నెమలి, నెమలి కంట్ల సెల్ టవరు.
నలభై ఏండ్లు సేటు ఇచ్చిన గ్రాఫు కాయితంల
ఒక్క గడి దాటనోడు.
అబద్ధమెందుకు, మంచిగున్నయ్.
సున్నమేసేటప్పుడు ఒకటి ఇడిసిపెట్టిన.

నా పుస్తెల గుండ్లు రెండు పోయినంక మళ్ల నల్లగొండ.
డాక్టరమ్మ జరసేపు మాట్లాడలే.
"నేనే ముందు చెప్పాల్సింది" అన్నది.
"ఆ రసం తీపి కాదమ్మా,
తీపి దిక్కు నడిపిచ్చేది.
చెయ్యిని లేపేదీ అదే, ఆశను లేపేదీ అదే."
నాకు నాడె యాదికొచ్చింది.
ఇటు పోయేదీ అదే, అటొచ్చేదీ అదే.
గోలి సగం చేసింది.

ఇప్పుడు అంగడికి పోడు.
పొద్దుగాల చెయ్యి బాగుంటది,
మాపటికి కోడి రెక్కలు కొట్టుకుంటది.
మొన్న పచ్చిపులుసు చేసిన.
ఎప్పుడు చేసినా రెండుసార్లు పోయించుకునేటోడు.
"బాగలేదా?"
"బాగుంది."
"మరి?"
"బాగుంది. అడగబుద్ధి అయితలేదు."

పక్కమీద ఒరిగినంక అడిగిండు:
"ఆ గోడ మీద గీసింది నేనా, గోలీనా?"
"గోలికి బొగ్గు పట్టొస్తదా" అన్న.
అన్న గని నిద్ర పట్టలే.
పందొమ్మిదేండ్లప్పుడు పనిలేని పనికి
మా ఇంటి ముంగటికెళ్లి
నాలుగుసార్లు సైకిలు తొక్కినోడు,
అప్పుడేం గోలి ఏసుకున్నడు?
నా పేరు గూడ ఆ నల్లసుక్కల నుంచే ఊరిందా?
ఊరితే ఊరనీ.
బాయిల నీళ్లు రాతిసందుల నుంచే ఊరుతయ్,
రాయిని తాగినమంటమా.

మిగిలిన సగాలు పారెయ్యబుద్ధి కాక
మందుసీసల ఏస్తున్న. ఇరవైమూడు అయినయ్.
దసరా ముంగట చీరలెన్ని అని
సేటు రెండుసార్లు ఫోన్ చేసిండు.
నాకు వణుకుడు లేదు, నేనేం ఏసుకోను.
అయినా ఆ సీస మూత దిక్కు చూస్తే
లోపల ఏందో
ఊరుతంది.