రాయి

బుచ్చిరెడ్డిపాళెం రైసు మిల్లులో
మా అమ్మ పెంచలమ్మ
ముప్ఫై ఏళ్లు బియ్యం చెరిగింది.
కళ్లకు పొర కమ్మినాక కూడా పని మానలేదు.
చేటలో గింజ దొర్లే చప్పుడు విని
ఇవి మొలగొలుకులు, ఇవి కావు,
ఇందులో రాయుంది అని చెప్పేసేది.
వాకిట్లో ఎవరన్నా దగ్గితే చాలు,
ఇంటిపేరుతో సహా పిలిచేది.

అక్క పేరు చెంగమ్మ.
మద్రాసు పోయి హేమరేఖ అయింది.
నెల్లూరులో ప్యాసింజరు ఎక్కేటప్పుడు
సంచిలో రెండు లంగావోణీలు,
నాటకాల పోటీలో ఇచ్చిన రోల్డుగోల్డు పతకం.
కోడంబాకంలో ముఖం చూసి సరే అన్నారంట,
నోరు తెరిచాక నవ్వారంట.
‘ఎట్టుండారు సార్?’ అనింది, అంతే.
మా తట్టు అది మర్యాద.

ఆ నవ్వు తర్వాత పద్దెనిమిదేళ్లు
ఎనభై మూడు సినిమాలు.
పెదాలు మా అక్కవి,
మాట తెనాలి సుభాషిణి గారిది.
మంచి గొంతు, అబద్ధమెందుకు,
చెరుకు గడ కణుపు దగ్గర విరిచినట్టుండేది.
హీరో చెల్లెలు, హీరోయిన్ చెల్లెలు,
మూడో రీల్లో విషం తాగే పిల్ల,
తర్వాత వదిన,
ఆ తర్వాత తొందర తొందరగా అత్త.
నడుమ ఒక్కసారే హీరోయిన్.
ఆ బొమ్మ కోవూరులో నాలుగు రోజులాడింది.

ఆ నాల్రోజుల్లో ఒక మ్యాట్నీకి
అమ్మను సైకిలెనక కూచోబెట్టుకోని పోయినాను.
బెంచీ టికెట్టు.
తెర మీద అక్క రెండు జడలతో పరిగెత్తతా ఉంది,
ఏడస్తా ఉంది, పెళ్లవతా ఉంది.
హాల్లో ఆడోళ్లు ముక్కులు చీదుకుంటున్నారు.
అమ్మ ఒళ్లో రెండు చేతులూ
చేట పట్టుకున్నట్టే పెట్టుకోని
చెవి ఆ పక్కకొకసారి ఈ పక్కకొకసారి తిప్పతా కూచుంది.
ఇంటర్వెల్లో గోళీసోడా తాగి అడిగింది:
‘ఒరేయ్, మన చెంగి ఎప్పుడొస్తాది?’

‘వస్తాదిలే మా’ అన్నాను.
ఇంకేం చెప్పుండాలో
ఇప్పటికీ తెలీదు.

ఈ సంగతి అక్కకు కార్డు ముక్క మీద రాశాను.
రాయకూడదేమో.
జవాబు రాలేదు, మనిషే వచ్చింది,
రాత్రి బస్సులో, తలమీద కొంగు కప్పుకోని.
చెవుల ఎనక రంగు ఇంకా వదల్లేదు.
కాళ్లన్నా కడుక్కోకుండా అమ్మ ముందర చాపేసుకోని
సినిమా అంతా మొదటి నుంచి చెప్పింది.
హీరో తనే, విలనూ తనే,
పోస్టుమాన్ తనే, రైలు కూతా తనే.
అందరూ నెల్లూరోళ్లే.
తెర మీద ‘నన్ను వీడి వెళ్లిపోతున్నారా’ ఉన్న చోట
‘నన్నిడిసిపెట్టి యాడికి పోతుండావయ్యా’ అని
కళ్లనిండా నీళ్లు పెట్టుకుంటే
అమ్మ పగలబడి నవ్వింది.
నవ్వి నవ్వి, చెయ్యి చాపి, ముఖం తడిమింది.
వేళ్లకు తడి తగిలాక ఆపింది.
‘బాగుండాది మే సినిమా.
ఆ కోవూరోడు మాకు వేరేదేసినాడు.’

అమ్మ పోయి ఇరవై రెండేళ్లు.
సుభాషిణి గారు పోయినప్పుడు
అక్క తెనాలి పోయింది, ఒక్కతే.
శవం పక్కన పొద్దుగూకిందాకా కూచుందంట.
అక్కడేం మాట్లాడావని అడిగితే
‘నేనా?’ అనింది.

ఇప్పుడు హైదరాబాదులో, సీరియల్లో నాయనమ్మ.
‘మీ నెల్లూరు యాస కావాలి మేడం,
ఇంకొంచెం దట్టించండి, జనం నవ్వాలి’ అంటాడంట
మనవడి ఈడు డైరెక్టరు.
దట్టిస్తా ఉంది.
మోకాళ్ల మందులకు డబ్బులొస్తా ఉండాయి.
నేనూ చూస్తాను, నవ్వొస్తే నవ్వుతాను.
అమ్మయితే ఒకసారి చేట ఎగరేసి
ఇందులో రాయుంది అనుండేది.

మధ్యాహ్నాలు ఎప్పుడన్నా టీవీలో
అక్క పాత సినిమా వస్తే
సౌండు తీసేసి చూస్తాను.
వంటింట్లోంచి మా ఆవిడ
‘కరెంటు పోయిందా ఏంది?’ అని అరుస్తాది.
నేను పలకను.
తెర మీద అక్క నోరు తెరుస్తా ఉంటాది.