ఒక కాపీ ఎక్కువ

పెద్దాసుపత్రి గేటు ఎదురుంగ,
మందుల దుకాణానికీ బోండాల బండికీ నడుమ
నా జిరాక్సు మిషిను.
పేజీకి రెండు రూపాయలు.

యాక్సిడెంటు కాయితం అచ్చిందంటే
నా వేలు దానంతటదే ఒకటి ఎక్కువ నొక్కుతది.
ఆ ఒక్కటి కౌంటరు కింద, ఖాళీ బిస్కట్ల డబ్బాల.
పొద్దుగూకంగ వకీలు గుమాస్తా సారంగం వస్తడు,
చాయ్ తాగుకుంట తిరగేస్తడు.

ఏనుమాముల యార్డుల మిరపకాయకు జెండా పాట ఉన్నట్టు
దీనికీ ఒక పాట ఉంటది,
జెండా లేదు, గంతే.
కాలు ఇరిగితే ఐదువందలు.
రాడ్డు ఏస్తే ఎనిమిది.
పానం పోతే రెండువేలు,
పోయినోడు నెల జీతమున్నోడైతే, సిన్నపిల్లలుంటే,
మీదికెళ్లి ఇంకో వెయ్యి.
గుద్దిన బండికి ఇన్సూరెన్సు లేదా,
అది తాలు.
తాలును ఎవలూ ముట్టరు,
ఎంత ఎర్రగ పారినా.

నేను ఎవల బండికీ అడ్డం పోలే.
ఎట్లన్నా ఎవడో ఒక వకీలు కావాలె గద వాళ్లకు!
సారంగం సుత గదే అంటడు,
"మనం దారి సూపెడుతున్నం" అని.
ఆ దారి మీదనే
బిడ్డ నర్సింగు ఫీజు కట్టిన,
ఈ మిషిను కిస్తులు తీర్చిన.

మొన్న మంగళారం
ఒకామె అచ్చింది, బట్టల దుకాణం కవర్ల కాయితాలు.
దామెర దిక్కు ఊరట. కనకలచ్చిమి.
"కేసు ఏస్తున్నం, అన్నీ మూడు మూడు తియ్యన్నా."
రేషన్ కార్డు. పంచనామా. పోస్టుమార్టం.
మిషిను పక్కన నిలవడ్డోళ్లు మాట్లాడుతరు,
ఎందుకో తెల్వది,
ఆ ఎలుగు అద్దం కింద అటూ ఇటూ పోతాంటే
లోపటి ముచ్చట బయటికత్తది.

"ఆ రాత్రి పచ్చిపులుసు పిసుకుతాన.
ఫోను మోగింది. కొత్త నంబరు.
'శాన బాధైందమ్మా,
రంది వెట్టుకోకుండ్రి, పైసలు మేము ఇప్పిత్తం' అన్నడు.
దేనికి పైసలు అన్న.
అవుతల సప్పుడు లేదు.
'మీకింక చెప్పలేదా' అన్నడు.
పెట్టేసిండు.
పోలీసోళ్లు అచ్చేటాళ్లకు గంటన్నర.
ఆ గంటన్నర, అన్నా,
మా ఆయన ఉన్నడో పోయిండో నాకెరుక లేదు.
ఎవడో ముక్కు మొఖం తెల్వనోనికి ఎరుక."

ఇంకో కాయితం పెట్టబోయి సూసిన.
ఆధారు. ఓదెలు.
యాదికచ్చింది.
ఇసుక లారీ కింద మిర్చి ట్రాలీ,
రాత్రి దుకాణం కట్టేసేటాళ్లకు
కానిస్టేబులు తెచ్చిన తడి కార్డు.
ఎనుక బాల్ పెన్నుతోని "ఇల్లు" అని రాసి పది అంకెలు.
గుడ్డతోని తుడిసి, ఫ్యాను కింద ఆరవెట్టి తీసిన.
అంకెలు మంచిగ రావాలెనని డార్కు పెంచిన.
ఫోటో కొట్టి సారంగానికి పంపిన.

"ఆళ్లకెట్ల తెలిసెనన్నా, అంత జల్ది?"
నన్ను కాదు, మిషినును అడిగినట్టు అడిగింది.
టోనరు అయిపోవచ్చింది అన్న.
జరసేపాగి,
ఏ వకీలు కాడికి పోతున్నరమ్మా అన్న.
"ఆ ఫోను జేయించిన సారే.
ఇంకెవలెరుక మాకు?"

యాభై ఏడు కాయితాలు. నూట పద్నాలుగు.
నూట పది ఇచ్చి కొంగు ముడి మళ్ల ఇప్పవోయింది.
సాలు తియ్యమ్మా అన్న.
నాలుగు రూపాయల ధర్మం చేసిన నేను.

ఆమె పోయినంక లెక్క సూస్తే
పంచనామా ఒకటి ఎక్కువచ్చింది.
వేలుకు ఏం తెలుసు.

ఇంకొకలు అచ్చి మార్కుల మెమో ఇచ్చిండ్రు.
మూత లేపిన.
అద్దం మీద బోర్ల పడి ఉన్నది
ఓదెలు ఆధారు. మర్చిపోయింది.
బయటికి ఉరికిన. పరకాల బస్సు మలుపు తిరిగింది.

కార్డు ఎనుక నంబరున్నది.
పది అంకెలు, "ఇల్లు".
తొమ్మిది నొక్కి నిలవడ్డ.
ఎత్తి ఎవలన్నా అంటే
ఏమని మొదలువెట్టాలె.