నలభై సెకన్లు

కయానీ ఊరి బయట రంపపు మిల్లు.
జనవరి. సూర్యుడు ఆలస్యంగా వచ్చి
తొందరగా వెళ్ళిపోయే నెల,
ఏ ఫోర్‌మనూ అడగని ఒకే ఒక్క కార్మికుడు.

ఉర్పో నా పక్క లైనులో పదిహేడేళ్ళు.
బెల్టులో చెక్క ఇరుక్కుంటే
మెషిన్ ఆపాలి, తాళం వేయాలి,
తాళంచెవి జేబులో వేసుకుని అప్పుడు తీయాలి.
నలభై సెకన్లు.
ఉర్పో ఒంగి, చెయ్యి చాపి
రెండు సెకన్లలో లాగి పారేసేవాడు,
పాలగిన్నెలో మూతిపెట్టి తీసిన పిల్లిలా.

నేను చూసేదాన్ని.
ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, వెయ్యి అనుకోండి.
ఒక్కసారీ నోరు తెరవలేదు.
ఏమీ కాలేదు కదా.

ఇప్పుడనిపిస్తుంది,
ఆ వెయ్యిసార్లూ మాకు పాఠం చెప్పింది మెషినే.
తప్పు చేసిన ప్రతిసారీ
ముప్ఫై ఎనిమిది సెకన్లు చేతిలో పెట్టింది,
పిప్పరమెంటు బిళ్ళ పెట్టినట్టు.
తాళం వేసినవాడికి ఎవరేం పెట్టారు?
గడియారం వంక చూసే ఫోర్‌మన్ చూపు తప్ప.

వెయ్యిన్నొకటోసారి గురించి రాయను.
మంచు ఎర్రబడిందని రాస్తే అబద్ధం,
లోపల మంచు ఉండదు, రంపపు పొట్టు ఉంటుంది.
పొట్టు అన్నిటినీ పీల్చుకుంటుంది.

మంచు కరిగాక తుర్కు నుంచి రౌహా అనే ఆవిడ వచ్చింది.
నాకో కార్డుల కట్ట ఇచ్చింది.
"పేర్లు రాయొద్దు. చేతులెక్కడున్నాయో రాయి.
చూసింది అక్కడికక్కడే చెప్పు,
సరిగ్గా చేసింది ముందు చెప్పు."

మా వైపు మనిషిని మొహం మీద మెచ్చుకోవడమంటే
పన్ను పీకించుకున్నట్టే.
మొదటి వారమంతా చెప్పబోయి దగ్గాను.
కొత్త కుర్రాడు ఒన్ని
"పోలీసులా ఏంటా చూపు?" అన్నాడు.
సూపర్‌వైజర్ కాఫీ చప్పరిస్తూ నవ్వాడు,
"మొక్కై వంగనిది మానై వంగుతుందా, ఐలీ?"

వంగుతుంది.
మా నాన్న పడవలు కట్టేవాడు.
ఎండిన పలకని ఆవిరిపెట్టెలో గంటసేపు ఉంచి
మెల్లగా, ఊపిరి బిగబట్టి వంచేవాడు.
తొందరపడితే ఫట్‌మనేది.
వంచడం గొప్ప కాదనేవాడు,
చల్లారేదాకా వదలకుండా పట్టుకుని నిలబడాలి,
చేతులు పడిపోతున్నా సరే.

ఓ మంగళవారం ఒన్ని లైనులో చెక్క ఇరుక్కుంది.
చెయ్యి సగం దాకా వెళ్ళింది.
ఆగింది.
వెనక్కొచ్చి స్విచ్ కట్టేసింది, తాళం వేసింది.
ఎంత పొడుగు నలభై సెకన్లో ఆవేళే తెలిసింది.
దగ్గరికెళ్ళి అన్నాను,
"తాళం వేశావు. చూశాను."
అంతే. వాడి చెవులు ఎర్రగా కందాయి.

మర్నాడు తాళం వేస్తూ నా వైపు చూశాడు.
ఆ మర్నాడూ చూశాడు.
మూడు వారాలకి
నేనున్నానో లేదో కూడా చూడలేదు.
ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది, ఇవ్వబుద్ధి కాలేదు.

క్యాంటీన్ గోడ మీది గీత పైకెక్కింది,
వేసవి సెలవులయ్యాక జారింది,
మళ్ళీ ఎక్కుతోంది, నాలాగే కాస్త ఆయాసపడుతూ.

చలికాలం మొదట్లో ఉర్పో తిరిగొచ్చాడు,
స్టోర్‌లో, చేతితొడుగులు లెక్కపెట్టే పని.
జతల్లో లెక్కపెడతాడు.
ఎవరూ నవ్వరు, ఎవరూ ఏమీ అనరు.

నిన్న రెండు చేతుల్లో రెండు కాఫీలతో
ఇనుపమెట్లు దిగుతున్నాను.
కింద నుంచి ఉర్పో,
"రెయిలింగ్."

కోపమొచ్చింది, దాచడమెందుకు.
కట్టలకొద్దీ కార్డులు నింపినదాన్ని నేను!
ఒక కప్పు మెట్టు మీద పెట్టాను.
కమ్మీ పట్టుకున్నాను, చల్లగా కుట్టింది.

"పట్టుకున్నావు" అన్నాడు. "చూశాను."

వెయ్యిసార్లు నేను అనని మాట
అంత మామూలుగా అనేసి
లోపలికెళ్ళిపోయాడు.

మెట్టు మీద ఆవిరి కక్కుతున్న కాఫీ
అతనిది.