ముందు ఎక్కడ కొయ్యాలి

ఇజ్మీర్ ఇంకా నలభై కిలోమీటర్లని బోర్డు.
తెవ్‌ఫిక్ లారీ వెనక నారింజ రంగు లైఫ్‌బోటు,
బోర్లించి కట్టాల్సింది, కట్టలేదు.
అలియా నుంచీ ఒకటే వాన.
ఏడు సముద్రాల్లో చుక్క రానివ్వని పడవ
మోటర్‌వే మీద మోకాలి లోతు నిండింది.

పక్క సీట్లో నుస్రెత్.
ఇరవై రెండేళ్ళుగా ఓడలు కోస్తున్నాడు.
కనుబొమలు కాలి, మొలిచి, మళ్ళీ కాలి,
ఈమధ్య మొలవడం మానేశాయి.
ఏదన్నా నిలబడి కనిపిస్తే చాలు, పాడలవాటు,
ఎక్కడ మొదలెడితే తన మీద పడకుండా
అవతలికి ఒరుగుతుందా అని చూస్తాడు.
ఈ ఫ్లైఓవర్‌కి ఎడమ స్తంభం.
ఆ రిఫైనరీ గొట్టానికి నడుం కింద.
టోల్‌గేటుదేముంది, ఒక పూట పని.

ఒళ్ళో ఆస్పత్రి కవరు.
ఫిల్ము ఒకసారి వెలుగుకి పెట్టి చూడరాదూ, అన్నాడు తెవ్‌ఫిక్.
"నాకు చూడ్డం వచ్చు.
అదే వద్దంటున్నాను."

మెనెమెన్ దగ్గర పక్కదారిలో ఆగి
తడిసిన స్ట్రాబెర్రీలు సగం ధరకి కొన్నారు.
గింజలు పళ్ళలో ఇరుక్కున్నాయని
కాసేపు ఇద్దరూ తిట్టుకున్నారు,
పళ్ళనో, పంటినో, అమ్మినవాణ్ణో.

ఊరు దగ్గరయ్యేకొద్దీ బ్రేకులు.
బ్రేకు వేసినప్పుడల్లా పడవలోంచి
ఒక అల వచ్చి
క్యాబిన్ వీపు మీద తడుతోంది,
లోపల ఎవరన్నా ఉన్నారా అని.

తెవ్‌ఫిక్ రేడియో పెంచాడు.
నుస్రెత్ తగ్గించాడు.