పగటి నిద్ర

మా ఇంట్లో పగలే రాత్రి.
గ్రిమ్స్‌బీలో ఉన్నదే కాస్త సూర్యుడు,
పై గది కిటికీకి దుప్పటి మీద దుప్పటి మేకులు కొట్టి
వాణ్ణి కూడా బయటే నిలబెట్టేది అమ్మ.

తమ్ముడూ నేనూ మునివేళ్ళ మీద పెరిగాం.
చెంచా గిన్నెకి తగలకుండా పప్పు కలుపుకోవడం,
గడియని మూడు విడతలుగా తీయడం,
గుసగుసల్లోనే జుట్టూజుట్టూ పట్టుకోవడం వచ్చు మాకు.
పొగగొట్టం మీది సీగల్ పక్షులకే
నైట్ డ్యూటీ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు.

ఐదింటికి లేచేది.
పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని ముడి చుట్టుకుంటూ
మా లెక్కల పుస్తకాలు చూసేది.
ఆరున్నరకి గుండె మీద గడియారం గుచ్చుకునేది,
తలకిందులుగా వేలాడే నర్సు గడియారం.
ఎదురుగా నిలబడ్డవాళ్ళకి ఎప్పుడూ తప్పే చూపేది,
తల వంచి చూసుకునే తనకొక్కదానికే సరి.
అమ్మతో నా గొడవంతా అదే అనుకుంటాను.

చీరాల నుంచి తెచ్చిన గోంగూర గింజలు
ఆ మట్టిలో మొలవలేదు. మూడేళ్ళు చూసింది.
నాలుగో ఏడు పక్కింటి డోరీన్ ఇచ్చిన రూబార్బ్ కాడ
నమిలి, కళ్ళు చిట్లించి,
"పులుపుంది" అంది. అంతే.
ఎండుమిర్చి, వెల్లుల్లి, కాగిన నూనె.
డోరీన్ అందులో పంచదార కలపబోతే
చేయి పట్టుకుని ఆపింది.
మా రూతుకి పన్నెండేళ్ళప్పుడు చీరాలలో అసలు పచ్చడి పెడితే
"ఇది నకిలీది" అని ముద్ద పక్కన పెట్టింది.
ఫోన్లో అమ్మమ్మ
దగ్గొచ్చేదాకా నవ్వింది.

నాకు దొరకని మనిషి రూతుకి దొరికింది,
పగలు మెలకువగా ఉండే మనిషి.
మూడేళ్ళ పిల్ల గరిటెతో పళ్ళెం మీద దరువేస్తుంటే
నా చేయి దానంతటదే నోటి మీదికెళ్ళింది, ష్...
"వాయించనీ" అంది అమ్మ.
నేను పక్క గదిలోకి వెళ్ళి
కాసేపు ఊరికే నిలబడ్డాను.

మట్టి వేశాక, వానలో, ఒక ముసలాయన.
చేపల ఓడ మీద పనిచేసేవాడట, ఒక కాలు లేదు.
"కాలు తీసేసిన రాత్రి సాలీ నా పక్కనే కూర్చుంది."
(సలోమి అనే పేరు వార్డులో ఎవరికీ నోరు తిరగలేదు.)
"తెల్లారేదాకా మీ భాషలో ప్రార్థన చేసింది.
నలభై ఏళ్ళు. ఇంకా కొంచెం గుర్తుంది."
టోపీ తీసి, కళ్ళు మూసుకుని అందుకున్నాడు:

పడమూడ్రెల్ల ఇరవయ్యారు
పడమూడ్ముల్ల ముప్పైటొమ్మిడి

పదమూడో ఎక్కం.
నిద్ర ఆపుకోడానికి అమ్మ చదువుకునే ఎక్కం,
మా ఇద్దరికీ ఎప్పుడూ తప్పిపోయే ఎక్కం.

పాస్టరుగారు నా వైపు చూశారు.
నేనేమీ చెప్పలేదు.
యాభైరెండు దగ్గర ఆయన వెతుక్కుంటుంటే
"పదమూడైదుల అరవైయైదు" అన్నాను.
ఆమెన్, అన్నాడాయన.

ఇవాళ ఇల్లు ఖాళీ చేస్తున్నాం.
మేకులు ఊడబీకితే దుప్పట్లు
నలభై ఏళ్ళ దుమ్ముతో కాళ్ళ మీద పడ్డాయి.
గోడకి పూలకాగితం ఉందని ఇప్పుడే తెలిసింది.
నీలం పూలు.
సొరుగులో గడియారం దొరికి రూతు
కోటుకి గుచ్చుకుని చూసుకుంటోంది,
కొత్త సెల్ వేయించిందట, నడుస్తోంది.
ఎదుటి నుంచి నాకేం అర్థం కాదు.
టైమెంత, అని అడిగాను.

"అమ్మా, గట్టిగా మాట్లాడు," అంది,
"ఏమీ వినపడట్లేదు."