పేరులో ఉన్న సముద్రం

విహారయాత్ర కాయితం మీద
హెడ్మాస్టరు ఎర్రసిరాతో రాశాడు:
సముద్రం దూరం. నిధులు లేవు.
దాని కింద, కొంచెం జాలిపడి,
హిమాయత్ సాగర్ చూపించండి, అదీ సాగరమే కదా.

అట్లా బయల్దేరాం.
ముప్ఫై నలుగురు పిల్లలు, ఒక డీసీఎం వ్యాను,
రెండు బకెట్ల పులిహోర,
అంచులు చిరిగిన పక్షుల చార్టు,
నేను.
పదకొండేళ్లుగా ఆటుపోట్లు పాఠం చెబుతున్నదాన్ని.
బోర్డు మూలన చంద్రుణ్ణి గుండ్రంగా గీసి
నీళ్లని చాక్‌పీసుతో కొంచెం పైకి లాగుతాను.
సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదని
ఏ బడిలోనూ ఎవరికీ చెప్పలేదు.

కట్ట మీద డిసెంబరు గాలి,
సర్కారు తుమ్మల కింద ఎవరో తాగి వదిలేసిన గ్లాసులు.
రాతి మీద నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటోంది.
"మా అబ్బా బ్యాండు కోటు దండెం మీదున్నట్టుంది మేడం,"
అన్నాడు ఇలియాస్.
ఎర్రకాళ్ల ఉల్లంకి పిట్టలు
అప్పుడే కడిగిన గచ్చు మీద నడిచే చుట్టాల్లా
అడుగు తీసి అడుగేస్తున్నాయి.
నెత్తిన రెండు నల్లచారలున్న బాతుల్ని చూపించి
ఇవి హిమాలయాలు దాటి వస్తాయన్నాను.
"టికెట్టెంత మేడం?" సంగమేశ్.
నవ్వులకి బాతులన్నీ ఒక్కసారి లేచి
మళ్లీ కొంచెం దూరంలో,
మా మీద నమ్మకం తగ్గినంత దూరంలో వాలాయి.

నూకరత్నం మాత్రం నవ్వలేదు.
బడికొచ్చి నాలుగు వారాలు.
తండ్రి కోకాపేట టవర్లలో ఇనుప చువ్వలు కడతాడు.
పుట్టింది బారువ దగ్గర, ఇసుకలో.
చెప్పులు విడిచి గట్టు దిగి
వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.
"ఉప్పు నేదు టీచరూ. సంద్రం కాదిది."

ఇలియాస్‌కి రోషమొచ్చింది.
"మీ సముద్రం తాగొస్తదా?
ఇది మా నల్లాల్లోకొస్తది.
తాగనీకి రాని నీళ్లు అన్నెందుకు?"
దానికి నా దగ్గరా జవాబు లేదు.
పులిహోర పంచాను.

తిన్నాక అంతా అలసి కూచున్నప్పుడు
ఆ పిల్ల నా కొంగు పట్టి లాగింది.
"ఇటు తిరిగి కళ్లు ముయ్యండి. గోల ఇనబడతాది."
మూశాను.

అవతల రింగురోడ్డు.
దూరం నుంచి ఒక లారీ పెరుగుతూ వచ్చి
తలలోపల విరిగి
వెనక్కి, ఇంకా వెనక్కి జారిపోతుంది.
అది పూర్తిగా పోకముందే ఇంకోటి.
"అదుగో, పెద్దదొస్తంది," అంది నూకరత్నం.
కంటైనరేమో.
నా ఒళ్లు చిన్నగా జలదరించింది.
"మా నాన్న ఏటకెల్తే
మాయమ్మ రాత్రల్లా ఇలాగే ఇనీది.
గోల మారితే లేచి కూకునీది."

కళ్లు తెరవకుండానే చెప్పాను,
నేను చూడలేదమ్మా, ఎప్పుడూ.
అది ఆశ్చర్యపోలేదు.
"ఇనేసారు కదా, సగం ఐపోయింది," అంది.

సోమవారం ఆరోపాఠం.
చాక్‌పీసు దాని చేతికిచ్చి నేను బెంచీలో కూచున్నాను.
చంద్రుణ్ణి గీయలేదు.
ఇసుక గీసింది. ఇసుక మీద తెప్ప.
తెప్పకి చాలా పైన ఒక అడ్డగీత.
"నీళ్లు రాత్రికి ఇందాకా వస్తాయి.
సీకటి పడకముందే తెప్పని ఈ గీత దాటించాల.
నేకపోతే పొద్దున్న ఉండదు."

"ఎంతమంది గుంజాలె?" ఇలియాస్ అడిగాడు.

కొంచెం ఆలోచించి
మొదటి బెంచీ నుంచి వేలుతో లెక్కపెట్టుకుంటూ వచ్చి
నా దగ్గర ఆగింది.